బాణీ ఎవరిది?

నంద్యాలలో పెళ్లి చూసుకుని, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం బయల్దేరాం. బస్సులో అన్నమయ్య "నానాటి బతుకు" మోగుతోంది. "ఐదొందల ఏళ్లయినా బాణీ చెక్కుచెదరలేదు చూశావా వదినా!" అన్నాను గొప్పగా. సంగీతం చదువుకున్న వదిన నవ్వేసింది. "ఆ రేవతి రాగం బాణీ నేదునూరి కృష్ణమూర్తిగారిదమ్మాయ్!"

నా ముఖం చిన్నబోయింది. తిరుమల రాగిరేకుల మీదున్నది సాహిత్యం, పైన రాగం పేరు. స్వరాలు లేవు. 1408లో తాళ్లపాకలో పుట్టి, అహోబిలం ఆదివన్ శఠగోపయతి దగ్గర వేదాంతం నేర్చిన ఆ మహానుభావుడు 32 వేల సంకీర్తనలు చెప్పాడంటారు. ఏ వరసలో పాడాడో మాత్రం ఆయనతోనే పోయింది. (ఆయన భార్య తిమ్మక్క "సుభద్రా కల్యాణం" రాసిందని ఏ కచేరీలోనూ చెప్పరు, అది వేరే కథ.) రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌ల వంటివారు వరసలు కట్టబట్టే ఆ పాటలు మన పూజగదుల దాకా వచ్చాయి. మా ఇంట్లోని పాత క్యాసెట్లు తీసి చూశాను. పాడినవారి ఫొటో ఇంత, బాణీకర్త పేరు చీమ తలకాయంత! కొన్నిటి మీద అదీ లేదు. అన్నమయ్యని పొగిడేస్తూ ఇన్నాళ్లూ నేనూ ఆ తప్పే చేశాను.

అహోబిలం మెట్ల మీద కూర్చుని వదిన అదే పాటని, రేకు మీదున్న ముఖారిలో తనకి తోచినట్టు కూనిరాగం తీసింది. రేవతికి అలవాటుపడ్డ నా చెవికి మొదట రుచించలేదు. మళ్లీ పాడమన్నాను.