పడబోయే చంద్రుడి కింద ఒక ఊరి దినచర్య

సాహస ఫాంటసీ వీడియో గేముల్లోని లోకం సాధారణంగా కథానాయకుడి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అతడు తీరికగా చేపలు పడుతున్నంతసేపూ రాక్షసుడు కోటలో కూర్చునే ఉంటాడు, చెరలోని రాకుమారి చెరలోనే ఉంటుంది, బావి దగ్గర నిలబడ్డ ముసలమ్మ ఎన్నిసార్లు పలకరించినా అదే మాట చెబుతుంది. ఆట ఆడేవారికి ఇది సౌకర్యమే గాని, కథకు మాత్రం ఇందులో ఒక నష్టం ఉంది: నాయకుడి చూపు పడినప్పుడే కదిలే మనుషులకు సొంత బతుకు ఉన్నట్టు అనిపించదు. జపాన్‌లో 2000 ఏప్రిల్‌లో నింటెండో 64 యంత్రం కోసం విడుదలైన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: మజోరాస్ మాస్క్’ ఈ సౌకర్యాన్ని వదులుకుని, కథ చెప్పే బాధ్యతను ఒక సమయపట్టికకు అప్పగించిన ఆట, వీడియో గేమ్ రచనను ఒక వృత్తివిద్యగా చూసేవారు పాతికేళ్ళ తర్వాత కూడా దీని దగ్గరికి తిరిగి రావడానికి ఇదే ప్రధాన కారణం.

ఈ పద్ధతి గొప్ప ఊహ నుంచి కాక, ఒక ఇరుకు నుంచి పుట్టింది. 1986లో మొదలైన జెల్డా వరుసలో 1998 నాటి ‘ఒకరినా ఆఫ్ టైమ్’ ఘనవిజయం సాధించాక, అందులోని నేలమాళిగలనే మార్చి మళ్ళీ విడుదల చేయాలన్న ప్రతిపాదన రాగా, ఆ పనికి మనసు ఒప్పని దర్శకుడు ఎయిజి అవొనుమా ముందు నిర్మాత షిగెరు మియమొతొ ఒక షరతు పెట్టాడు: కొత్త ఆటే కావాలంటే ఏడాదిలో పూర్తిచేయాలి. ఏడాదిలో విశాలమైన లోకాన్ని నిర్మించడం సాధ్యం కాదు కనుక, చిన్న లోకాన్నే పదేపదే ఆడించే దారి వెతకాల్సి వచ్చింది. అప్పటికే అవొనుమా సహోద్యోగి యొషియాకి కొయిజుమి ఒక వారం పాటు సాగే చిన్న లోకాన్ని మరో ఆట కోసం ఆలోచిస్తున్నాడు. ఆ వారమే ఇందులోకి వచ్చి, ఏడు రోజుల్లో ఊరివారందరి కదలికలను గుర్తుపెట్టుకోవడం ఆడేవారికి భారమవుతుందని తేలడంతో మూడు రోజులకు కుదించుకుపోయింది. పాత ఆటలోని బొమ్మలను, ముఖాలను కూడా మళ్ళీ వాడుకున్నారు. దాంతో వెనకటి ఆటలో ఎరిగిన ముఖమే ఇక్కడ వేరే పేరుతో, వేరే కష్టంతో ఎదురై, ఎరిగినవారు ఎరగనట్టు మాట్లాడే కలలోని కలవరాన్ని కలిగిస్తుంది. పొదుపు కోసం చేసిన పని కథకు రంగు అయింది.

కథా నేపథ్యం క్లుప్తంగా ఇది. లింక్ అనే బాలుడు టెర్మినా అనే ప్రాంతంలోకి దారితప్పి వస్తాడు. మజోరా అనే దుష్టశక్తి నిండిన మాస్కును దొంగిలించి ధరించిన స్కల్ కిడ్ అనే కొంటె పిశాచబాలుడు, ఆ ప్రాంతం నడుమనున్న క్లాక్ టౌన్ అనే ఊరి మీదికి చంద్రుణ్ణి లాగుతుంటాడు. మూడో రాత్రి గడిచి తెల్లవారేసరికి ఆ చంద్రుడు ఊరి మీద పడతాడు. ఆటలోని ఈ మూడు రోజులు బయటి గడియారంలో సుమారు 54 నిమిషాలు. తలెత్తితే ఎక్కడినుంచైనా కనిపించే ఆ చంద్రుడికి కళ్ళూ పళ్ళూ ఉంటాయి, గంటగంటకూ దగ్గరవుతుంటాడు, మూడోనాడు నేల కంపిస్తుంటుంది. నాయకుడి దగ్గర ఒకరినా అనే చిన్న ఊదుడు వాద్యం ఉంది. దానిమీద ఒక పాట వాయిస్తే కాలం మొదటి రోజు ఉదయానికి తిరిగిపోతుంది. అప్పుడు అతడు సంపాదించిన మాస్కులు, ముఖ్యమైన ఆయుధాలు, నేర్చుకున్న పాటలు అతడి దగ్గరే ఉంటాయి గాని, అతడు ఊరివారికి చేసిన మేలు మాత్రం జరగనే లేదన్నట్టు చెరిగిపోతుంది. నింటెండో 64 రూపంలో, ఆడినంతవరకు యంత్రంలో స్థిరంగా భద్రపరచుకోవడానికి, అంటే ఆటల భాషలో ‘సేవ్’ చేసుకోవడానికి, వాయించవలసింది కూడా ఈ పాటనే. తన శ్రమను నిలుపుకోవాలనుకున్న ప్రతిసారీ ఆడేవారు ఊరి మూడు రోజుల బతుకును తుడిచివేయాలి. సాంకేతిక అవసరానికి నైతికమైన బరువును ఇంత సూటిగా తగిలించిన ఆటలు చాలా తక్కువ.

‘చందమామ’లో దశాబ్దాల తరబడి బేతాళ కథలు చదివిన తెలుగు పాఠకులకు ఈ తిరుగు ప్రయాణం కొత్తగా అనిపించకపోవచ్చు, మౌనభంగం కాగానే శవం చెట్టెక్కడం, విక్రమార్కుడు పట్టు వదలక మళ్ళీ వెళ్ళడం అక్కడి నియమం. అయితే బేతాళుడు చెప్పే కథల్లోని మనుషులకు రాజు తిరుగు నడక వల్ల ఏ హానీ లేదు, వారి కథ ముగిసే ఉంటుంది. టెర్మినాలో చెట్టెక్కేది శవం కాదు, అప్పుడే కన్నీళ్ళు తుడుచుకున్న మనుషుల ఊరట.

క్లాక్ టౌన్ ఏటా జరిగే జాతరకు సిద్ధమవుతుండగా ఆట మొదలవుతుంది. మేయరు గదిలో వడ్రంగుల పెద్ద జాతర జరిపి తీరాలంటాడు, కాపలాదారుల నాయకుడు ఊరు ఖాళీ చేయించాలంటాడు, మేయరు ఎటూ తేల్చడు. ఆకాశంలో ప్రమాదం స్పష్టంగా కనిపిస్తున్నా సభ మాత్రం మూడు రోజులూ సాగుతూనే ఉంటుంది. ఊళ్ళోని ప్రతి ముఖ్యమైన పాత్రకూ ఒక దినచర్య ఉంది: ఏ గంటకు ఎక్కడ ఉండాలో, ఎవరితో మాట్లాడాలో, ఎప్పుడు తలుపు వేసుకోవాలో రచయితలు ముందే రాసిపెట్టారు, నాయకుడు అక్కడ ఉన్నా లేకపోయినా అది అలాగే నడుస్తుంది. నాయకుడికి దొరికే ఒక నోటుపుస్తకంలో 20 మంది పేర్ల ఎదుట మూడు రోజుల గడులు గీసి ఉంటాయి. ఎవరిని ఏ వేళ కలవాలో తెలిసేకొద్దీ ఆ గడులు నిండుతాయి. కత్తియుద్ధాల కోసం ఆట కొనుక్కున్నవారు కాసేపటికి ఊరి గుమాస్తాలా గడియారం చూసుకుంటూ వీధులు తిరగవలసి వస్తుంది.

ఈ పద్ధతి బలం పూర్తిగా బయటపడేది అంజు, కఫెయ్‌ల ఉపకథలో. ఊరి సత్రం నడిపే అంజుకు మేయరు కొడుకు కఫెయ్‌తో పెళ్ళి నిశ్చయమైంది, జాతరనాడే ముహూర్తం. కాని నెల రోజులుగా అతడు కనిపించడం లేదు. స్కల్ కిడ్ అతణ్ణి పసివాడిగా మార్చివేయగా, పెళ్ళినాడు మార్చుకోవలసిన సూర్యమాస్కును సకోన్ అనే దొంగ ఎత్తుకుపోగా, ఆ రూపంతో, వట్టి చేతులతో ఆమె ఎదుటికి రాలేక అతడు ఒక దుకాణం వెనుక గదిలో దాక్కుని ఉన్నాడు. కఫెయ్ తల్లి ఇచ్చిన మాస్కు పెట్టుకుని మొదటి రోజు అంజును పలకరిస్తే, ఆమె అర్ధరాత్రి దగ్గరపడ్డాక వంటగదికి రమ్మంటుంది. అక్కడ ఇచ్చిన ఉత్తరాన్ని తపాలా పెట్టెలో వేస్తే రెండో రోజు మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ దాన్ని చేరవేస్తాడు. ఆ ఉత్తరం అందుకోవడానికి బయటికి వచ్చిన పసివాడి వెంట వెళితే అతడి రహస్యం తెలుస్తుంది, ఒక పతకం చేతికి వస్తుంది. ఆ పతకం అందిందా, ఊరు వదలమని తల్లి ఎంత చెప్పినా అంజు సత్రంలోనే ఉండిపోతుంది. అందలేదా, మూడో రాత్రి తల్లితో, అవ్వతో కలిసి పొలిమేర దాటి రొమానీ పశువులశాలకు వెళ్ళిపోతుంది. మూడో రోజు సాయంత్రం ఇకానా అనే ఎండిన లోయలో సకోన్ స్థావరం తలుపు తెరుచుకుంటుంది. అక్కడ ఆడేవారు లింక్‌ను కొంతసేపు, కఫెయ్‌ను కొంతసేపు నడిపిస్తూ సూర్యమాస్కును వెనక్కు తేవాలి. ఈ ఆటలో లింక్ కాక మరొకరు ఆడేవారి చేతికి వచ్చే ఘట్టం ఇదొక్కటే. అక్కడ తప్పితే కఫెయ్ తిరిగి రాడు, అంజు గదిలో ఒంటరిగా ఎదురుచూస్తూనే ఉంటుంది. నెగ్గితే, చంద్రుడు పడటానికి గంటన్నర ముందు, అంటే ఆడేవారి గడియారంలో నిమిషం పైచిలుకు మాత్రమే మిగిలి ఉండగా, పసివాడి రూపంలోనే అతడు ఆమె గదికి చేరుకుంటాడు. ఇద్దరూ తమ మాస్కులను కలిపి ఒకటి చేసి సాక్షిగా నిలిచినవాడికి ఇచ్చేస్తారు, అతణ్ణి పారిపొమ్మని చెప్పి తాము కలిసి తెల్లవారుజాము కోసం కూర్చుంటారు.

ఇక మిగిలింది ఒకరినా. పాట వాయించక తప్పదు. వాయించగానే అంజు మళ్ళీ మొదటి రోజు సత్రంలో కబురు లేని మనిషి కోసం ఎదురుచూస్తుంటుంది. ఆడేవారి సంచిలో మాత్రం ఒక మాస్కు మిగులుతుంది. దాన్ని పెట్టుకుని మేయరు గదిలోకి వెళితే అక్కడి వాదులాట చల్లబడుతుంది, జంటగా బతకడం ఎలాంటిదో పెద్దమనుషులకు గుర్తుకొస్తుంది. ఎవరి ప్రేమ వల్ల ఆ గది నెమ్మదించిందో ఆ ఇద్దరికి అప్పటికి ఏమీ తెలియదు.

సమయపట్టికతో కథ అల్లడంలో ఇంతకంటే నేర్పు కనిపించే చోటు మరొకటి ఉంది, దానిని చాలామంది గమనించకుండానే దాటిపోతారు. మొదటి రాత్రి పన్నెండు దాటాక, బాంబుల దుకాణానికి సరుకు మోసుకొస్తున్న ముసలమ్మ సంచిని ఇదే సకోన్ లాక్కుని పరుగెత్తుతాడు. అతణ్ణి ఆపితే ముసలమ్మకు సరుకు దక్కుతుంది, నాయకుడికి ఒక కానుక దొరుకుతుంది. కాని దొంగ సరుకు అమ్ముకోవడానికి సకోన్ రాకపోతే, తాను దాక్కున్న దుకాణం గోడ కన్నంలోంచి కాపుకాస్తున్న కఫెయ్ అతణ్ణి చూడడు, వెంబడించడు. ఆ మూడు రోజులలో అంజు కథ ఇక పూర్తికాదు. ఒక మంచిపని మరో మంచిపనికి అడ్డుపడుతుందన్న హెచ్చరిక ఆటలో ముందుగా ఎక్కడా ఉండదు, తర్వాత నిందా ఉండదు. ముసలమ్మ దోపిడీకి గురవుతుంటే చేతులు కట్టుకుని చూడటమే ప్రేమికులను కలిపే దారి అని ఆడేవారు తమంతట తాము తెలుసుకోవాలి. ఇటీవలి ఆటల్లో మంచి, చెడు అని రెండు మీటలు చూపించి ఏదో ఒకటి నొక్కమనడాన్ని నైతిక సంక్లిష్టత అని పిలుస్తున్నారు; ఆ మీటల కంటే ఈ ముసలమ్మ సంచి బరువైనది.

పోస్ట్‌మ్యాన్ విషయంలో ఇదే నేర్పు హాస్యంగా మారుతుంది. గడియారానికి బందీ అయిన ఆ ఉద్యోగికి మూడో రాత్రి పారిపోవాలని ప్రాణం కొట్టుకుంటుంది, కాని తన పట్టికలో పారిపోవడం రాసిలేదని కుమిలిపోతాడు. కఫెయ్ తన తల్లికి రాసిన అత్యవసర ఉత్తరాన్ని అతడి చేతికిస్తే, దాన్ని చేరవేసిన చోట ఆమె పారిపొమ్మని ఆజ్ఞాపిస్తుంది, అప్పుడు గాని అతడు కదలడు. ఉత్తరాన్ని ఆడేవారే నేరుగా ఆమెకు అందిస్తే వేరే బహుమతి దొరుకుతుంది, పోస్ట్‌మ్యాన్ మాత్రం ఉద్యోగంలోనే మిగిలిపోతాడు. రొమానీ పశువులశాల కథ మరింత చీకటిది. దారికి అడ్డంగా ఉన్న బండరాయి మూడో రోజుకు గాని తొలగదు కనుక, మామూలుగా మొదటిసారి అక్కడికి చేరేవారు మొదటి రాత్రి ఏవో వింతజీవులు ఎత్తుకుపోయి వదిలేసిన చిన్నపిల్లను, చూపు చెదిరి మాట పోయిన స్థితిలో చూస్తారు. కారణం తర్వాతి మలుపులో, ఆ రాయిని ముందే పేల్చగలిగినప్పుడు తెలుస్తుంది. ఫలితాన్ని ముందు చూపించి కారణాన్ని తర్వాత వెతికించే ఈ క్రమం రచయిత ఎంచుకున్నట్టు కాక రహదారి పరిస్థితి వల్ల ఏర్పడినట్టు కనిపించడం గమనించదగ్గది. ఆ పిల్లను కాపాడిన మూడు రోజులలో, చివరి రాత్రి అక్క క్రెమియా ఆమెకు పెద్దలు మాత్రమే తాగే పాలను మొదటిసారి ఇచ్చి, తన పక్కలో పడుకోనిస్తుంది. చెల్లెలు పెద్దదయ్యే రోజు రాదని అక్కకు తెలుసునని ఎవరూ చెప్పరు, చెప్పవలసిన అవసరమూ లేదు.

ఇన్ని చెప్పాక లోపాలనూ చెప్పాలి. నాలుగు దిక్కులలోని నాలుగు ఆలయాలు, అంటే చిక్కుముడులు విప్పుతూ సాగవలసిన పెద్ద కట్టడాలు, ఊరి కథలతో పోలిస్తే పొడిగా ఉంటాయి. సముద్రంలోని ఆలయం గొట్టాలలో నీటి ప్రవాహాన్ని మళ్ళించడంతోనే ఓపిక హరిస్తుంది, పైగా ఆలయం సగంలో సమయం మించిపోతే పనంతా మళ్ళీ మొదలు. బ్యాంకు గుమాస్తా నాయకుడి ఒంటి మీద ముద్ర వేసి, కాలం వెనక్కు వెళ్ళినా జమ లెక్క గుర్తుపట్టడం వట్టి సర్దుబాటు. పోనీ, నవ్వు తెప్పిస్తుంది కనుక క్షమించవచ్చు. 2015లో నింటెండో 3డీఎస్ కోసం వచ్చిన కొత్త రూపాన్ని క్షమించడం కొంచెం కష్టం. అందులో గుడ్లగూబ విగ్రహాల దగ్గర ఎప్పుడంటే అప్పుడు స్థిరంగా సేవ్ చేసుకోవచ్చు, కోరిన గంటకు సరాసరి దూకవచ్చు, నోటుపుస్తకం దారి మరింత వివరంగా చూపిస్తుంది. తీరిక తక్కువైన కాలానికి ఇవి అవసరమే కావచ్చు. కాని వేళ కోసం సత్రం మెట్ల మీద ఊరికే కూర్చున్నప్పుడు చెవిన పడే మాటలే ఈ ఆటకు సగం రచన, గంటలు దాటవేసేవారికి అది దొరకదు. సేవ్ చేయడానికీ చెరిపివేయడానికీ ఉన్న ముడి తెగిపోవడం అంతకంటే పెద్ద నష్టం.

మూల నియమాన్ని ఆటే ఒకచోట మీరుతుంది. చంద్రుణ్ణి ఆపిన చివరి మూడు రోజులలో అంజుకు ఉత్తరం రాయించే తీరిక నాయకుడికి సాధారణంగా ఉండదు. నియమం ప్రకారం కఫెయ్ అప్పటికీ దుకాణం వెనుక గదిలోనే ఉండాలి. అయినా ముగింపు దృశ్యాలలో, ఏదో ఒక చెరిగిపోయిన మలుపులో వారిని కలిపిన ఆటగాడికి ఆ ఇద్దరి పెళ్ళి కనిపిస్తుంది, పోగొట్టుకున్నవారిలో మరికొందరి సంతోషమూ కనిపిస్తుంది. మాస్కులలో ఉన్నది ఊరట పొందిన మనసే కనుక మాస్కు నిలిచినంతకాలం ఆ ఊరటా నిలుస్తుందని అభిమానులు సమర్థిస్తారు. ఆ సమర్థనకు ఆటలో ఆధారం బలహీనం. తర్కం దృష్టిలో అది తప్పే. 54 నిమిషాల లెక్కను ఆట పొడుగునా అంత కచ్చితంగా పాటించిన రచయితలు ఇక్కడ మాత్రం తెలియక పొరబడి ఉంటారని నమ్మడం కష్టం.