బొబ్బిలి యుద్ధస్మారకం: కథనభేదాలు, నమోదు పద్ధతి

వ్యాససంగ్రహం:
1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధానికి గుర్తుగా 1891లో బొబ్బిలిలో స్మారకస్తంభం వెలిసింది. ఈ స్తంభ చరిత్రను నమోదు చేయబూనిన పరిశోధకునికి ఆంగ్ల చరిత్ర, తెలుగు కావ్యం, వీరగాథ పరస్పరం విభేదించే సాక్ష్యాలుగా ఎదురవుతాయి. భేదాలన్నీ ఒకే జాతివి కావనీ, వాటిని విడదీయకుండా ఒక కథనాన్ని మాత్రమే గెలిపించడం నమోదు కాదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బొబ్బిలి యుద్ధం, స్మారకస్తంభం, వీరగాథ, రాబర్ట్ ఓర్మ్, తాండ్ర పాపారాయుడు, పైడితల్లి.

1. ఉపోద్ఘాతం:
బొబ్బిలి యుద్ధం తెలుగువారికి తెలియనిది కాదు. దిట్టకవి నారాయణకవి 'రంగరాయచరిత్రము', పెద్దాడ మల్లేశం పేర నిలిచిన కథ, వేదం వేంకటరాయశాస్త్రి నాటకం, 1964లో వచ్చిన చలనచిత్రం దాన్ని తరతరాలకు అందించాయి. ఇంతగా తెలిసిన కథ కావడమే స్మారకాన్ని నమోదు చేసేవారికి చిక్కు. స్తంభం ముందు నిలిచినవారు అప్పటికే తమ మనసులో ఉన్న కథనే అక్కడ చదువుతారు. విమర్శకుని పని రాతిని, కథను వేరుచేసి చూడటంతో మొదలవుతుంది.

2. రెండు కాలాలు:
యుద్ధానికీ స్తంభానికీ మధ్య 134 సంవత్సరాల దూరం ఉంది. 1757లో పోరాడినవి బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచి సేన, దానికి తోడుగా వచ్చిన పూసపాటి పెద విజయరామరాజు బలగం, రంగారావు ఏలుబడిలోని బొబ్బిలి. 1891 నాటికి బొబ్బిలి, విజయనగరం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోని జమీందారీలు. అప్పటి బొబ్బిలి ప్రభువు వేంకటశ్వేతాచలపతి రంగారావు తమ సంస్థాన చరిత్రను ఆంగ్లంలో స్వయంగా రచించినవారు. కనుక స్తంభం 18వ శతాబ్ది సంఘటనకు ప్రత్యక్షసాక్షి కాదు. ఆ సంఘటనను 19వ శతాబ్ది సంస్థానం ఎలా తలచుకోదలచిందో చెప్పే సాక్ష్యం. స్తంభాన్ని వర్ణించేటప్పుడు ఈ రెండు తేదీలనూ పక్కపక్కనే రాయాలి.

3. విజయరామరాజును చంపినదెవరు?
కథనాల మధ్య అందరికీ తెలిసిన భేదం ఇది. కోట పడిన తరువాత రాత్రివేళ, తన గుడారంలో, బొబ్బిలివారి చేతిలో విజయరామరాజు హతుడయ్యాడన్నంతవరకు ఆంగ్ల, తెలుగు కథనాలు ఏకీభవిస్తాయి. ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ 1778లో ప్రచురించిన సంపుటంలో, కోటలో పోరాడిన నలుగురు సైనికులు గోడ దిగి తప్పించుకున్నారనీ, మూడవ రాత్రి వారిలో ఇద్దరు గుడారంలోకి చొరబడ్డారనీ రాశాడు. తెలుగు సంప్రదాయంలో ఆ పని చేసినవాడు రాజాం నుంచి వచ్చిన తాండ్ర పాపారాయుడు.

ఓర్మ్ యుద్ధాన్ని కళ్ళారా చూసినవాడు కాడు. ఆయన కథనం ఇతరుల నివేదనల మీద ఆధారపడినది. అందులో పేరు లేకపోవడం పాపారాయుడు లేడనడానికి రుజువు కాదు. అలాగే వీరగాథలో పేరు ఉండటమే ఆ రాత్రి గుడారంలో ఉన్నది అతడేననడానికి చాలదు. పరాయి సైన్యాల కబురుకు పేర్లు అక్కరలేదు. గాథకు పేరే ప్రాణం. ఈ స్వభావభేదాన్ని గుర్తిస్తే నమోదులో రాయవలసిన వాక్యం స్పష్టమవుతుంది: హత్య ఉభయ సంప్రదాయాలూ అంగీకరించిన సంఘటన, హంతకుని పేరు తెలుగు సంప్రదాయం ఇచ్చినది.

వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001 నాటి 'టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్' గ్రంథంలో బొబ్బిలి కథనాలను దక్షిణభారత చరిత్రరచనకు నిదర్శనాలుగా చదివారు. చరిత్ర ఇక్కడ ఆయా కాలాల ప్రధాన సాహిత్యప్రక్రియల్లోనే రూపొందిందన్నది వారి వాదం. గాథను కట్టుకథగా కొట్టివేసే అలవాటుకు అది గట్టి సమాధానం. అయితే గాథలోనూ చరిత్ర ఉందని ఒప్పుకున్న తరువాత కూడా, ఏ వాక్యం ఏ ఆధారం మీద నిలిచిందో చెప్పవలసిన బాధ్యత మిగిలే ఉంటుంది.

4. ఎవరి మరణం వీరమరణం?
ఇంతకంటే బరువైన భేదం కోటలోని స్త్రీలు, పిల్లల మరణాలకు సంబంధించినది. ఓటమి ఖాయమని తేలాక కోటలోని పురుషులే అంతఃపుర నివాసాలకు నిప్పుపెట్టి, బయటపడబోయినవారిని పొడిచి చంపారని ఓర్మ్ వర్ణించాడు. తరువాతి తెలుగు స్మృతిలో ఇది మల్లమ్మ పేరుతో ముడిపడిన ఆత్మాభిమానగాథగా నిలిచింది. ఒకచోట స్త్రీలు పేరులేని సమూహం, మరొకచోట ఒక్క రాణిలో ఇమిడిపోయిన ఆదర్శం. రెండింటిలోనూ ఆ స్త్రీల ఇష్టానిష్టాలు మనకు వినబడవు. పసిపిల్లలకు ఇష్టానిష్టాల ప్రసక్తే లేదు. వీరి మరణాలన్నిటినీ 'ఆత్మార్పణ' అనే ఒక్క మాటతో నమోదు చేస్తే, వారు చనిపోయారా, చంపబడ్డారా అన్న ప్రశ్న చెరిగిపోతుంది. యోధుల పరాక్రమాన్ని తగ్గించకుండానే ఈ ప్రశ్నను నిలపవచ్చు, నిలపాలి.

5. అవతలి పక్షపు స్మృతి:
ఈ యుద్ధానికి బొబ్బిలి స్తంభం ఒక్కటే స్మారకం కాదు. విజయనగరం పైడితల్లి అమ్మవారిని విజయరామరాజు సోదరిగా ఐతిహ్యం చెబుతుంది. అన్నను యుద్ధం నుంచి ఆపాలని తపించిన ఆమె పెద్దచెరువులో లీనమైందనీ, ఆమె విగ్రహం అక్కడే దొరికిందనీ నమ్మకం. ఏటా విజయదశమి తరువాతి మంగళవారం జరిగే సిరిమానోత్సవం ఆ స్మృతిని సజీవంగా ఉంచుతోంది. బొబ్బిలి కథలో ప్రతినాయకుడైన రాజు ఇక్కడ ఒక చెల్లెలి దుఃఖానికి కారణమైన అన్న. ఐతిహ్యం సంఘటనకు రుజువు కాకపోవచ్చు. ఓడినవారికే కాదు, గెలిచినవారికీ ఈ యుద్ధం శోకాన్నే మిగిల్చిందని ఒక సమాజం తలచుకుంటున్నదనడానికి మాత్రం అది తిరుగులేని రుజువు. స్తంభాన్ని నమోదు చేసి సిరిమానును వదిలేస్తే యుద్ధంలో సగమే నమోదైనట్లు.

6. ముగింపు:
కథనభేదాలను పరిష్కరించడమంటే ఒకదాన్ని నిలిపి తక్కినవాటిని కొట్టివేయడం కాదు. తేదీల వంటివి ఆధారాలతో తేలతాయి. హంతకుని పేరు వంటివి ఏ సంప్రదాయం చెప్పిందో తెలిపి నమోదు చేయదగినవి. స్త్రీల మరణాల వంటివి తీర్పు చెప్పి ముగించకూడని ప్రశ్నలు. స్మారకం గురించిన ప్రతి వాక్యానికీ ఈ మూడింటిలో దాని స్థానమేదో గుర్తిస్తే, 1891 నాటి స్తంభం 1757 కథకు ముగింపుగా కాక పరిశోధనకు ప్రారంభంగా కనిపిస్తుంది. తెలుగు శాఖల్లో వీరగాథలు బోధించే మనం, విద్యార్థులను పాఠంతోపాటు ఆ పాఠం వెలసిన చోటికీ తీసుకువెళ్ళవలసిన అవసరం ఇక్కడే ఉంది.