ఊరికి రక్ష ఎవరు?

లేనివాడికి దొంగభయం లేదని లోకం అంటుంది. ఇండొనీషియా రచయిత అహ్మద్ తొహారి వ్రాసిన 'రొంగెంగ్ దుకూ పారుక్' నవలాత్రయం (1982, 1985, 1986) ఈ మాటను పరీక్షకు పెట్టినది.

దుకూ పారుక్ మధ్య జావాలోని ఒక కల్పిత పల్లె. అక్కడివారు నిరుపేదలు, నిరక్షరులు. అయినా ఆపద తప్పలేదు. కొబ్బరినూనె తీయగా మిగిలిన పిప్పిని పులియబెట్టి చేసే 'తెంపె బొంగ్రెక్' విషమై, కథానాయిక స్రింతిల్ తల్లిదండ్రులతో పాటు అనేకులు మరణించినారు. ఆమె పెరిగి రొంగెంగ్, అనగా ఊరి నర్తకి, అయినది. ఆమె ఒంటిమీదికి బంగారం రాగానే ఊరిలోకి దోపిడిగాండ్రు వచ్చినారు. సైనికులకు సహాయకుడుగా చేరిన ఆమె బాల్యమిత్రుడు రసుస్ వారిని ఎదిరించినాడు. 1965 తరువాత ఆ సైన్యమే ఆమెను చెరలో పెట్టినది, ఊరు తగలబడినది. ఆమె చేసిన నేరమల్లా వామపక్ష సభలలో నర్తించడమే.

దొంగను నిలువరించిన చేయి ప్రభుత్వం ముందు చేష్టలుడిగినది. నవలకు గుండెకాయ ఇదే. ఈ ఘట్టాలలో కొన్ని తొలి ముద్రణలలో లేకపోవడం, 2003 ముద్రణలో తిరిగి చేరడం గమనింపదగినవి.

లోపమూ లేకపోలేదు. ఊరి దుఃఖానికి ఊరి అజ్ఞానమే మూలమన్నట్లు కథకుడు పదేపదే వ్యాఖ్యానిస్తాడు. బొంగ్రెక్ విషయంలో అది కొంత నిజమే కావచ్చు. కాని 1965 నాటి నిప్పు ఆ పల్లెలో పుట్టినది కాదు. ఆ సంగతి కథకు తెలుసు, వ్యాఖ్యాతకే తెలియదు. అందుచేత పాఠకుడు నమ్మవలసినది కథనే.