అనుమానమునకు రెండర్థములు

న్యాయశాస్త్రము చదివినవారికి అనుమానమనగా నొక ప్రమాణము. కొండమీద పొగ కానవచ్చుచున్నది గావున అచ్చట నిప్పు గలదని నిశ్చయించుట అనుమానము. అట్లు నిశ్చయించుటకు ముందు, పొగ యున్నచోట నిప్పుండునను నియమము తెలిసియుండవలెను. కన్నది పొగయే కాని మంచు కాదని రూఢిపఱచుకొనవలెను. ఈ మాటయే తెలుగింట అడుగుపెట్టి శంక యను అర్థమును దెచ్చుకొన్నది. పెట్టెలోని గొలుసు కానరాకున్నచో పనిమనిషిమీద అనుమానమందురు. హేతువేమని యడిగినచో, ఆమె బీదది యనుటకంటె వేఱు సమాధానముండదు. ఒక్క మాటకే గల యీ రెండర్థముల నడుమనున్న దూరమే అపరాధపరిశోధక నవలకు అసలు వస్తువని మా యభిప్రాయము. మంచి నవల చదువరిని శంకనుండి ప్రమాణమునకు నడపించును. చెడ్డ నవల శంకతో వినోదించి, తుదకు గ్రంథకర్త యిచ్చవచ్చినవానిని దొంగయని చూపి తప్పుకొనును.

ఇట్టి నవలలనుగూర్చి చదువుకొన్న కుటుంబములలో రెండు మాటలు వినవచ్చుచుండును. ఇవి పిల్లలకు దొంగతనము నేర్పునని పెద్దలందురు. రైలుప్రయాణమున ప్రొద్దు పుచ్చుటకు తప్ప మఱెందులకును గావని చదువువారే యందురు. ఇరుపక్షములవారును వీనిని సాహిత్యముగా నెంచరు గనుక వీనికి తగిన విమర్శ కొఱవడినది. వీనిపై వచ్చు సమీక్షలు తఱచుగా కథాసంగ్రహములై, ముడి విప్పివైచి చదువరి యానందమును హరించును. లేదా మిక్కిలి ఉత్కంఠభరితమను నొక్క మాటతో ముగియును. ఈ రెండు దారులను విడిచి యొక గ్రంథమును పరిశీలింతము.

ఆ గ్రంథము విల్కీ కాలిన్స్ అను నాంగ్లేయుడు రచించిన 'ది మూన్‌స్టోన్'. ఇది 1868లో డికెన్స్ నడపుచుండిన వారపత్రికలో ముందుగా వెలువడినది. అపరాధపరిశోధక కథకు ఆద్యుడని పేరుగన్నవాడు అమెరికా దేశస్థుడైన ఎడ్గార్ ఆలన్ పో. ఆయన తొలి కథ 1841 నాటిది. కాని ఇంటిలో పోయిన యొక వస్తువు, ఆ యింటనున్న కొలదిమంది, బయటినుండి వచ్చిన పరిశోధకుడు - ఈ చట్రమున దీర్ఘమైన నవలను నిలిపి తరువాతివారికి దారిచూపిన గ్రంథములలో ఇది ముఖ్యమైనది. మన దేశముతోను దీనికి సంబంధము గలదు. దొంగ యెవరో మేము చెప్పము. కథ తొలిభాగమున గ్రంథకర్త బాహాటముగా చెప్పినదానినే చర్చింతుము. అంతమాత్రమున గ్రంథపు విలువ తేలకపోదు.

1799లో ఆంగ్లసేనలు శ్రీరంగపట్టణమును పట్టుకొన్న దినమున నొక ఆంగ్లసైనికాధికారి కావలివారిని చంపి, ఒకప్పుడు చంద్రదేవుని విగ్రహమునకు చెందిన వజ్రము నపహరించును. అతడు చనిపోవునప్పుడు దానిని మేనకోడలికి వ్రాసిపెట్టును. యార్క్‌షైరులోని రేచెల్ వెరిండర్ అను నా కన్యకు 1848 జూనులో, 18వ పుట్టినదినమున, అది చేరును. ఆ రాత్రియే మాయమగును.

మొదట వచ్చిన స్థానిక పోలీసు అధికారి సీగ్రేవ్ చేసిన పని గమనింపదగినది. వచ్చీరాగానే అతడు పరిచారికలను దొంగలవలె చూచును. వారి పెట్టెలను వెదకించును. ఏమియు దొరకదు. గారడీవాండ్ర వేషముతో ఆ ప్రాంతమున తిరుగుచుండిన ముగ్గురు భారతీయులు ఆ రాత్రి తమ బసలోనే యుండిరని సాక్ష్యమున్నను, ఏదో మిషమీద వారిని చెరలో నుంతురు. ఇక రొజన్నా స్పియర్‌మన్ అను పరిచారిక యున్నది. ఆమె పూర్వము దొంగతనముచేసి శిక్ష ననుభవించినది. యజమానురాలు దయతో ఆమెను పనిలో చేర్చుకొన్నది. చదువరి మనస్సు ఆమెపై వ్రాలుట సహజము. కాలిన్స్ ఆ వలను మనకొఱకే పన్నినాడు.

పిమ్మట లండన్ నుండి సార్జెంట్ కఫ్ వచ్చును. రేచెల్ గది తలుపునకు క్రొత్తగా వేసిన రంగు ఒకచోట చెదరియున్నది. అది పనికత్తెల పావడాలు తగిలి చెదరినదని సీగ్రేవ్ తేల్చివేసియుండెను. కఫ్ అట్లు విడువడు. రంగెప్పుడు వేసిరి, ఆరుటకెంతసేపు పట్టును, చెదరకముందు దానిని కడపట చూచినదెవరు, అని యడుగును. అర్ధరాత్రమున అది చెక్కుచెదరక యున్నది. మూడు గంటలకెల్ల ఆరిపోయినది. కావున ఆ నడుమనే యొకరి వస్త్రము దానికి తగిలినది. కఫ్ చూచినది పొగ. సీగ్రేవ్ చూచినది మంచు. ఆ వస్త్రమును వెదకుటకు కఫ్ చెప్పిన యుపాయము ఇంకను గొప్పది. పనివారి బట్టలు మాత్రమే కాదు, యజమానురాలు మొదలుకొని యింటనున్న వారందఱి బట్టలును చూడవలెననును. యజమానులే ముందుగ తాళపుచెవులిచ్చినచో పనివారు దీనిని అవమానముగా నెంచరని ఆయన తలంపు. ఒప్పుకొననివారు ఒకరు గలరు. ఆ యొకరెవరో చదువరులే తెలిసికొందురుగాక. ఇంత నేర్పరియైన కఫ్ సైతము తరువాతి మెట్టున తడబడును. హేతువు మంచిదైనను దానినుండి తీసిన నిర్ణయము తప్పవచ్చునని చూపుట ఈ గ్రంథమునకు వన్నెయే కాని కొఱత కాదు.

ఇది కేవలము కల్పన యని త్రోసివేయరాదు. 1860లో ఇంగ్లండున విల్ట్‌షైరులోని రోడ్ అను గ్రామమున నొక సంపన్నగృహమున చిన్న బాలుడు హత్యకు గుఱియయ్యెను. మొదట అనుమానము దాదిమీద పడినది. లండన్ నుండి వచ్చిన విచర్ అను నిన్‌స్పెక్టరు, కానరాకుండ పోయిన యొక రాత్రియుడుపును బట్టి ఆ యింటి కూతురగు కాన్‌స్టెన్స్ కెంట్‌ను శంకించెను. గౌరవకుటుంబపు బాలికపై సామాన్యుడైన పోలీసువాడు నింద మోపుటయా యని లోకము మండిపడినది. విచర్ ప్రతిష్ఠ చెడినది. 1865లో ఆమెయే తన నేరము నొప్పుకొన్నది. మూడేండ్ల పిదప వెలువడిన కాలిన్స్ నవలలో కఫ్ చాకలిపద్దు తెప్పించి బట్టల లెక్క చూచునప్పుడు, ఈ సంగతి నాటి చదువరులకు గుర్తురాకుండ నుండదు.

మన ప్రాచీనులకును ఈ విషయము తెలియనిది కాదు. శాకుంతలమున ఆఱవ యంకము మొదట, రాజముద్రిక దొరికిన జాలరిని రక్షకభటులు కొట్టుచు తీసికొనివత్తురు. అతని వృత్తిని పరిహసింతురు. చేప కడుపున దొరికినదని అతడు చెప్పినది సత్యము. సత్యము తేలి రాజు బహుమతి నిచ్చినంతనే ఆ భటులే అతనితో చెలిమి చేయుదురు. కాళిదాసు కొలది పంక్తులలో చూపినదియు, కాలిన్స్ పెద్ద గ్రంథమున చూపినదియు ఒకటే: శంక యెల్లప్పుడు పల్లమునకే పాఱును.

గ్రంథమున దోషములు లేకపోలేదు. ముడి విడివడుట యొక వైద్యవిషయముపై ఆధారపడియున్నది. అది చెప్పినంత చక్కగా జరుగునా యని బుద్ధి సందేహించును. అంతకంటె పెద్దలోపము మఱియొకటి గలదు. కాలిన్స్ 1851లో న్యాయవాదిగ అర్హత పొందినవాడు. కథను సాక్షుల వాఙ్మూలములుగ నడపినాడు. వృద్ధుడైన గృహనిర్వాహకుడు, బంధువు, న్యాయవాది, వైద్యుని సహాయకుడు - ఎవరు చూచినది వారే చెప్పుదురు. రొజన్నాకు సైతము ఒక యుత్తరము దక్కినది. కాని వజ్రముకొఱకు సముద్రము దాటివచ్చిన ఆ ముగ్గురు భారతీయులకు వాఙ్మూలము లేదు. వారిని చూచినవారి మాటలే మనము వినుదుము. 1857 నాటి తిరుగుబాటు జరిగి పదునొకండేండ్లు మాత్రమే గడచిన కాలమున, తొలిదొంగ ఆంగ్లసైనికుడేయని వ్రాయుట ధైర్యమే. ఐనను ఆ ధైర్యము సొత్తు పోయినవారిని సాక్షులుగ పిలుచువఱకు పోలేదు.

తెలుగున ఈ శాఖకు చదువరుల కొఱత లేదు. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలను తెలుగువారు ఎంతో ఆసక్తితో చదివిరి. అట్టివానిని గాని నేడు వచ్చువానిని గాని విమర్శించువారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. పరిశోధకునికి దొరికిన యాధారములెల్ల చదువరికిని దొరికినవా? నిర్దోషులపై శంకను మోపిన గ్రంథకర్త వారి బాధను లెక్కించెనా, లేక వారిని వాడుకొని పాఱవైచెనా? నేరముచేసినవాడు ఆ పని యేల చేసెనో నమ్మదగునట్లు తెలిపెనా? ఈ మూడింటికిని సమాధానము చెప్పుటకు దొంగ పేరు వెల్లడింప బనిలేదు.

గృహస్థులకు మా మనవి యొకటి. ఇట్టి నవలలను ఇంటినుండి వెలివేయవలదు; మంచివానిని ఏరి పిల్లలతో కూడి చదువుడు. సగమైనప్పుడు ఆపి, ఎవరిని శంకించుచున్నావు, ఏల శంకించుచున్నావు, అని యొకరినొకరు అడుగుడు. పొగ చూపలేనివారు ఆ శంకను విడువవలెను. ఈ యభ్యాసము పుస్తకముతో ఆగిపోరాదు. రేపు మన యింట నొక వెండిగిన్నె కానరానప్పుడు, పనిమనిషి మూట విప్పించుటకు ముందు మన బీరువా తాళపుచెవిని మనమే తీసి యిచ్చుదుమా?