చేరినవాళ్లు, వెళ్లినవాళ్లు

సంఘాల రిజిస్టర్లు చదవడం నాకు ఇష్టమైన పని. అరకు, పాడేరు కొండల్లో సేంద్రియ కాఫీ బృందాల జాబితాలు చూస్తే కొర్ర, కిల్లో, పాంగి, వంతాల అని అవే ఇంటిపేర్లు వరసగా వస్తాయి. పేరు కూడా ఒకటే అయినవాళ్లు ఇద్దరు ముగ్గురుంటారు. తండ్రి పేరు, ఊరు, తోట విస్తీర్ణం రాస్తేగానీ మనిషెవరో తేలదు. దేశ సేంద్రియ ధ్రువీకరణ నిబంధనల ప్రకారం ఒక్కో బృందంలో 25 నుంచి 500 మంది ఉండవచ్చు. కొత్తగా చేరిన రైతు తోట సేంద్రియంగా మారినట్టు లెక్కకు రావాలంటే మామూలుగా మూడేళ్లు పడుతుంది. ఈలోగా ఆ పండు పాతవాళ్ల పండులో కలిసిందా, అందరి సర్టిఫికెట్టుకూ ముప్పే. చేరిన తేదీ విలువ రాసేవాళ్లకు బాగా తెలుసు.

పెద్ద కంపెనీలు జట్టుకట్టినప్పుడు కూడా ఇలాంటి జాబితా ఉండాలి, అది అందరి కళ్లముందూ ఉండాలి. అమెరికాలో ఆ పద్ధతి ఉంది. పోటీదారులు కలిసి పరిశోధన చేసుకునేందుకు 1984లో ఓ చట్టం తెచ్చి, 1993లో ఉమ్మడి ఉత్పత్తికీ వర్తింపజేశారు. ఒప్పందం కుదిరిన 90 రోజుల్లోగా సభ్యులెవరో న్యాయశాఖకు, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు చెప్పుకోవచ్చు. ఆ వివరాలు ప్రభుత్వ గెజిట్లో అచ్చవుతాయి. చట్టం ఇచ్చే రక్షణ నిలవాలంటే, తర్వాత ఒకరు చేరినా, ఒకరు తప్పుకున్నా మళ్లీ చెప్పాలి. అలా చెప్పుకున్న జట్టు రేపు కోర్టులో ఓడినా, మూడింతల పరిహారం బదులు జరిగిన నష్టం మేరకే కడుతుంది. ఆ ప్రకటనల్లో కంపెనీ పేరు, ఊరు, దేశం, చేరిందా వెళ్లిందా అన్నవి ఉంటాయి. వ్యాపార రహస్యమేదీ బయటపడదు. అయినా ఎవరు ఎవరితో కూర్చున్నారో దేశానికంతటికీ తెలుస్తుంది.

మన 2002 పోటీ చట్టం సామర్థ్యం పెంచే ఉమ్మడి సంస్థలకు సడలింపు ఇచ్చింది కానీ, పరిశోధన జట్ల సభ్యుల మార్పులు ఇలా ప్రకటించే ఏర్పాటు పెట్టలేదు. ఇది పెద్ద లోటనే నా అభిప్రాయం. 2025లో అరకు తోటల్లో బెర్రీ బోరర్ పురుగు కనబడింది. అలాంటి పురుగు మీద పరిశోధన సంస్థలు, కాఫీ కొనే కంపెనీలు కలిసి పనిచేస్తే రైతుకు మేలే. కానీ పండు కొనడంలో పోటీపడాల్సినవాళ్లే ఒక బల్ల చుట్టూ చేరినప్పుడు మాట పురుగు నుంచి ధర మీదికి మళ్లడానికి ఎంతసేపు? 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ ఒకవైపు, ప్రైవేటు కొనుగోలుదారులు మరోవైపు ఉండబట్టే కదా రైతుకు బేరమాడే వీలు!

అలాంటి జట్టు ఏర్పడిన రోజున దాని సభ్యుల పేర్లు తెలుగులో, రైతు సేవా కేంద్రం గోడ మీద అతికించాలి. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే ఆ పేరు, తేదీ కూడా అక్కడే రాయాలి, పండ్ల కోత మొదలయ్యేలోపే.