బుసకొట్టని రికార్డర్

పిట్టల పాటలు, కప్పల బెకబెకలు, రాత్రిపూట కీచురాళ్ల రొద రికార్డు చేసుకోవాలని సరదాపడేవాళ్లందరూ ముందు అడిగే ప్రశ్న ఒకటే: మన చేతికందే ధరలో ఏ రికార్డర్ కొనాలి? డబ్బా మీద 96 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఈమధ్యయితే 32 బిట్ ఫ్లోట్ అని పెద్ద పెద్ద అంకెలు కనిపిస్తాయి. ఆరుబయట నిజంగా అక్కరకొచ్చే గుణం మాత్రం అట్టమీద చాలాసార్లు అచ్చవదు. ఏ చప్పుడూ లేనప్పుడు ఆ యంత్రం తాను ఎంత చప్పుడు చేస్తుంది? అడగాల్సింది అది.

ఆ ప్రశ్నకు చిన్న ధరలో గొప్ప జవాబు చెప్పిన పరికరం సోనీ పీసీఎం-ఎం10. 2009లో వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు సోనీ పీసీఎం-డీ1 అని టైటానియం ఒంటితో ఒక రికార్డర్ తెచ్చింది, అది రెండువేల డాలర్ల సరుకు. ఆ ఇంట్లోనే పుట్టిన ఈ చిన్నది రెండు మూడు వందల డాలర్లకు దొరికేది. తయారీ ఆగిపోయి ఏళ్లు గడిచినా, ప్రకృతి ధ్వనులు పట్టేవాళ్లు ఇప్పటికీ దీన్ని వెతుక్కుని మరీ సెకండ్‌హ్యాండ్‌లో కొంటారు. ఎందుకో తెలియాలంటే దాన్ని దగ్గరగా చూడాలి.

చొక్కా జేబులో పట్టే సైజు. సెల్లులతో కలిపి బరువు రెండువందల గ్రాములకు లోపే. పై అంచున రెండు మూలల్లో రెండు మైకులు, ఒక్కోటీ చిన్న జాలీ వెనక. చాలా రికార్డర్లకు మైకులు కొమ్ముల్లా ఎదురెదురుగా పొడుచుకొచ్చి ఉంటాయి. అవి ముందువైపు శబ్దాన్ని ఎక్కువగా, వెనకవైపుది తక్కువగా వింటాయి. ఎదురుగా కూర్చున్న మనిషి మాటకో, పాట కచేరీకో అది మంచిదే. ఎం10 మైకులు అలాంటివి కావు, నాలుగు దిక్కులా ఒకేలా వింటాయి. ఈ రకానికి గాలిపోటు బాధ తక్కువ, చేతి రాపిడి చప్పుడు తక్కువ, లోతైన శబ్దాలు కూడా సన్నబడకుండా వస్తాయి. తెల్లవారుజామున అడవిలో శబ్దం ఒక్క వైపునుంచి రాదు కదా. తలమీద కొమ్మనుంచి, వెనక వాగునుంచి, ఎడమపక్క పొదలోంచి ఒక్కసారే వస్తుంది. అదంతా ఉన్నచోట ఉన్నట్టు వినిపించాలంటే ఈ మైకులే సరి.

అసలు పనితనం లోపల ఉంది. మైకు నుంచి వచ్చే విద్యుత్తు అతి సన్నటిది. దాన్ని పెంచే భాగాన్ని ప్రీయాంప్ అంటారు. పెంచేటప్పుడు ప్రతి ప్రీయాంపూ తన సొంత చప్పుడు కొంత కలుపుతుంది. హెడ్‌ఫోన్‌లో అది సన్నటి బుసలా వినపడుతుంది. బ్యాండుమేళం రికార్డు చేసేటప్పుడు ఆ బుస ఎవరికీ తెలియదు. యాభై మీటర్ల దూరంలో గూటి దగ్గర మెల్లగా పలుకుతున్న పిట్టను పట్టాలంటే లెవెల్ చక్రాన్ని దాదాపు చివరిదాకా తిప్పాలి, అప్పుడు పిట్ట గొంతుతోపాటు బుసా పెరుగుతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెల్స్ పడిపోతుంది కనుక, పిట్ట ఎంత దూరముంటే అంత కష్టం. బియ్యంలో రాళ్లయితే ఏరుకోవచ్చు, పలుచని పాటలో కలిసిన బుసను ఏ సాఫ్ట్‌వేరూ పాటకు దెబ్బ తగలకుండా ఏరలేదు. ఎం10 లెవెల్‌ను పూర్తిగా పెంచినా, ఆ ధరలో వచ్చిన తోటి రికార్డర్లకంటే ఎంతో నిమ్మళంగా ఉంటుంది. దాన్ని తయారుచేసినవాళ్లు డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టారు.

ఆ లెవెల్ చక్రాన్ని కూడా మెచ్చుకోవాలి. పక్కన అంకెలు వేసి ఉన్న చక్రమది. మెనూలోకి పోనక్కర్లేదు, బొటనవేలితో తిప్పితే చాలు. చీకట్లో కూడా ఎక్కడుందో వేలికి తెలుస్తుంది. ఇంకో ఏర్పాటుంది, పిట్టలవాళ్లకు వరమే అది. రికార్డింగ్‌కు సిద్ధంగా నిలిపి ఉంచితే యంత్రం గడిచిన ఐదు సెకన్ల శబ్దాన్ని ఎప్పుడూ తనలో పట్టి ఉంచుకుంటుంది. పిట్ట పలికిందని విని బటన్ నొక్కితే, నొక్కకముందరి ఐదు సెకన్లూ ఫైల్లో చేరిపోతాయి. పిట్ట మొదటి పలుకు మన చేతి ఆలస్యంవల్ల పోదు. ఇక కరెంటు సంగతి: గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్లు రెండు. మామూలు సీడీ నాణ్యతలో నలభై గంటలకు పైగా నడుస్తుంది. ఏ పల్లెటూరి కిరాణా కొట్లోనైనా దొరికే సెల్లతో రెండు మూడు రాత్రులు అడవిలో గడపవచ్చన్నమాట.

ఇంత చిన్న యంత్రం ఎంత పెద్ద పనికి రాగలదో మన కడప జిల్లా లంకమల అడవులను తలచుకుంటే తెలుస్తుంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో అక్కడే మళ్లీ దొరికింది. రాత్రి తిరిగే పక్షి, ముళ్లపొదల మధ్య మసలే పక్షి. కంటితో వెతకడం మహాకష్టం. దాని కూతను తొలిసారి రికార్డు చేసిన వివరాలను జెగనాథన్, వాటన్ అనే పరిశోధకులు 2004లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించారు. పొద్దుగూకాక కాసేపు మాత్రమే వినిపించే కూత అది. కూత తెలిసింది కనుకే, ఆ పక్షి ఎక్కడుందో చెవితో వెతకడం సాధ్యమైంది. అలాంటి సందర్భంలో రికార్డర్ బుసకు, పక్షి గొంతుకు మధ్య తేడా ఎంతన్నది చిన్న విషయం కాదు.

ఎం10కు లోటు లేకపోలేదు. గాలి వీచిందంటే ఏ మైకైనా గుబగుబలాడుతుంది, ఇదీ అంతే. బొచ్చు తొడుగు లేకుండా బయటికి తీసుకెళ్లకూడదు. పల్చటి స్పాంజి తొడుగు ఇంట్లో మాటలకే గానీ పొలంగట్టు మీద పనికిరాదు. ఆ బొచ్చు తొడుగు ఖర్చును రికార్డర్ ధరలోనే కలిపి లెక్కేసుకోండి.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు ఏది? టాస్కామ్ డీఆర్-05ఎక్స్‌కూ నాలుగు దిక్కులా వినే మైకులే, రెండు పెన్సిల్ సెల్లే. బుస ఎం10కంటే కొంత ఎక్కువ. జూమ్ 2024లో తెచ్చిన హెచ్1ఎసెన్షియల్‌లో 32 బిట్ ఫ్లోట్ ఉంది, లెవెల్ సరిచూసుకోలేదన్న బెంగ ఉండదు, ఉరుము ఉరిమినా శబ్దం చిట్లదు. అయితే ఒక్క మాట గట్టిగా చెప్పాలి: 32 బిట్ వల్ల మైకు బుస తగ్గదు. 2022లో వచ్చిన జూమ్ ఎఫ్3 ప్రీయాంపులు నిజంగా నిశ్శబ్దమైనవి. కానీ దానికి సొంత మైకులు లేవు, మంచి మైకులు విడిగా కొనాలి, ఖర్చు మరో మెట్టు ఎక్కుతుంది.

నా ఓటు మధ్యేమార్గానికి. మామూలు రికార్డర్ కొని, మిగిలిన డబ్బు బయటి మైకుల మీద పెట్టండి. ప్రిమో అనే జపాన్ కంపెనీ చేసే ఈఎం272 అనే మైకు గుళిక చిటికెనవేలి గోరంత ఉంటుంది. దాని సొంత చప్పుడు 14 డెసిబెల్సే. దానికి సున్నితత్వం ఎక్కువ కనుక రికార్డర్ లెవెల్ అంతగా పెంచనక్కర్లేదు, కాబట్టి ప్రీయాంప్ బుస కూడా అణిగిపోతుంది. సోల్డరింగ్ తెలిసినవాళ్లు గుళికలు తెచ్చుకుని జత మైకులు తామే చేసుకుంటున్నారు. రికార్డర్ మైకు జాక్ నుంచి ప్లగ్-ఇన్ పవర్, అంటే ఆ గుళిక నడవడానికి కావలసిన కాస్త విద్యుత్తు, వస్తుందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి.

కొనేముందు పరీక్ష ఒకటి చేయండి. రాత్రి ఊరు సద్దుమణిగాక, ఫ్యాను ఆపి, రికార్డర్‌ను అల్మరాలో దుప్పట్ల మధ్య పెట్టి, లెవెల్ పూర్తిగా పెంచి ఒక నిమిషం రికార్డు చేసి హెడ్‌ఫోన్‌తో వినండి. వినపడేదంతా యంత్రం సొంత గొంతే. రెండు రికార్డర్లను ఇలా పోల్చితే ఏది తీసుకోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. పాత ఎం10 దొరికితే సెల్లు పెట్టేచోట పచ్చచిలుము పట్టిందేమో, మైకు జాక్ వదులైందేమో, చక్రం తిప్పుతుంటే గరగరమంటోందేమో చూసి తీసుకోండి.

వాడేటప్పుడు ఆటో లెవెల్ ఆపేయండి. పిట్ట ఆగిన ప్రతిసారీ అది బుసను పైకి లేపుతుంది. ఎంపీ3 వద్దు, వేవ్ ఫైలే ఉంచండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో గంటకు దాదాపు ఒక జీబీ అవుతుంది, ఈరోజుల్లో అదేం భారం కాదు. గబ్బిలాల కోసమైతే వేరే పరికరాలున్నాయి, పిట్టలకూ కప్పలకూ ఇది ధారాళం. ప్రతి రికార్డింగ్ చివర తేదీ, వేళ, ఊరు పేరు మీ గొంతుతో చెప్పి ఆపండి. జెనో-కాంటో వంటి ఉచిత భాండాగారంలో మీ ఊరి పిట్టల గొంతులు చేర్చాలంటే ఆ మూడు వివరాలూ కావాలి.