విప్పక ముందే వినాలి

వెనక నుంచి ఒకటే అరుపు అంటూ లోడు పికప్ షెడ్డుకు వస్తే, తొందరపడే మెకానిక్ ముందు జాకీ కోసం వెతుకుతాడు. చేయి తిరిగిన మేస్త్రీ తాళం అడుగుతాడు. డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఓ రౌండు వేసొస్తాడు. తిరిగొచ్చేసరికి ఏది విప్పాలో, ఏది ముట్టుకోనక్కర్లేదో ఆయనకు తెలిసిపోతుంది. విజయవాడ ఆటోనగర్ మొదలుకొని హైవే పక్కన రేకుల షెడ్ల దాకా ఈ విద్య పానాలు అందించే కుర్రాళ్ల చెవుల్లోకి మేస్త్రీల నోటి నుంచే దిగుతూ వస్తోంది.

బొలెరో పికప్, టాటా యోధ, దోస్త్ లాంటి బండ్లలో ఇంజను ముందుంటుంది, బండిని నెట్టేవి వెనక చక్రాలు. ఇంజను శక్తి క్లచ్, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదుగా వెనక హౌసింగ్‌లోకి చేరుతుంది. అక్కడ చిన్న పీనియన్ పెద్ద క్రౌన్‌ను తిప్పుతుంది. పీనియన్ ఇంచుమించు నాలుగు చుట్లు తిరిగితే చక్రం తిరిగేది ఒక్క చుట్టు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కనుక ఆ తేడాను సర్దే చిన్న గేర్లు క్రౌన్‌తో పాటే డిఫరెన్షియల్‌లో ఉంటాయి. ఇదంతా ఇనుముకు ఇనుము అతికిన వ్యవహారం. గేర్‌బాక్స్ శబ్దం వెనక వినపడుతుంది, హబ్బు శబ్దం సీటు కింద వినపడుతుంది. అందుకే శబ్దాన్ని ఊరికే విని ఊరుకోరు, పరీక్షకు పెడతారు.

మొదటి పరీక్ష సులువు. ఖాళీ రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగం పట్టి, కాసేపు మూడో గేరులో, కాసేపు నాలుగో గేరులో నడపాలి. బండి వేగం అంతే, ఇంజను వేగం మాత్రం మారింది. అరుపు శ్రుతి మారకపోతే తప్పు గేర్‌బాక్స్ దాటాక, షాఫ్టులోనో హౌసింగ్‌లోనో చక్రాల్లోనో ఉంది. ఇంజనుతో పాటే హెచ్చుతగ్గులవుతుంటే వెనక హౌసింగ్ జోలికి పోనక్కర్లేదు.

తారు రోడ్డు మీద అరిచి, సిమెంటు రోడ్డు ఎక్కగానే గొంతు మార్చిందా? ముందు టైర్లు చూసుకోవాలి. ఎగుడుదిగుడుగా అరిగిన టైరు అచ్చం క్రౌన్‌లాగే అరిచి చాలామందిని మోసం చేస్తుంది. స్టీరింగు కొద్దిగా ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు శబ్దం పెరిగితే కుడి హబ్బు బేరింగును అనుమానించాలి. నేరుగా పోతున్నంతసేపూ నోరెత్తకుండా, మలుపులోనే గరగరలాడితే డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్ల పని. ఎక్సిలేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా అరిస్తే క్రౌన్, పీనియన్ పళ్ల కలయిక చెడిందని అర్థం. తొక్కినప్పుడు ఒత్తిడి పంటికి ఒక పక్క, వదిలినప్పుడు రెండో పక్క పడుతుంది.

శబ్దం సన్నమా, బొంగురా అన్నదీ సాక్ష్యమే. టైరు చుట్టుకొలత రెండు మీటర్లు అనుకుంటే, 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఎనిమిది చుట్లు తిరుగుతుంది, పీనియన్ ముప్పై దాటుతుంది. అందుకే పీనియన్ బేరింగు సన్నగా కూస్తుంది, హబ్బు బేరింగు బొంగురుగా మూలుగుతుంది.

గేర్‌బాక్స్ లెక్క బండి ఆగి ఉండగానే మొదలవుతుంది. ఇంజను ఆన్ చేసి న్యూట్రల్‌లో ఉంచాలి. క్లచ్ పెడల్ వదిలినప్పుడు వచ్చే గరగర, తొక్కగానే పోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగులు చూడాలి. తొక్కినప్పుడే వస్తే అది రిలీజ్ బేరింగు. ఈ తరహా ఐదు గేర్ల బాక్సుల్లో చాలావాటికి నాలుగో గేరు డైరెక్టు, అంటే శక్తి కింది కౌంటర్ షాఫ్ట్ మీద బరువు వెయ్యకుండా నేరుగా పోతుంది. మిగతా గేర్లలో అరిచి నాలుగులో సద్దుమణిగితే దొంగ ఆ కింది షాఫ్టే. ఒక్క గేరే పడేటప్పుడు గరగరమంటే సింక్రో రింగు అరిగింది. అన్ని గేర్లూ మొరాయించి, రివర్సు మరీ మొండికేస్తే క్లచ్ పూర్తిగా విడటం లేదు. ఈ చివరి తేడా తెలియక గేర్‌బాక్స్ దించితే కూలి దండగ, రోజు దండగ.

బండి కదిలించగానే వెనక 'టక్' మంటే చాలామంది క్రౌన్ పోయిందని బెంబేలెత్తుతారు. ముందు ఇంజను ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి కిందికి దూరి చూడాలి. షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పితే దాని కీళ్లలోని క్రాస్ దగ్గర లూజు తెలుస్తుంది. క్రాస్ కప్పుల అంచున ఎర్రటి తుప్పు పొడి కనపడితే లోపల గ్రీజు ఎండిపోయినట్టే. స్ప్రింగు పట్టీల యూ బోల్టులు సడలినా ఇదే శబ్దం. ఈ రెండూ తేలాకే హౌసింగ్ వైపు చూడాలి.

ఇక అసలు సాక్షి ఆయిల్. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటితే అది మామూలు అరుగుదల. గోటితో తీస్తే గుచ్చుకునే పెచ్చు దొరికిందంటే పన్ను విరిగింది, ఆ బండి ఇంకో ట్రిప్పు వెయ్యకూడదు. గేర్‌బాక్స్ ఆయిల్‌లో పసుపుపచ్చ మెరుపు తేలితే సింక్రో రింగుల ఇత్తడి రాలుతోంది. పాలు కలిసినట్టు తెల్లబడితే నీళ్లు చేరాయి. వాగులు దాటే బండ్లకూ, 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన బండ్లకూ ఈ పరీక్ష తప్పనిసరి. వేడెక్కిన హౌసింగ్ నీళ్లలోకి దిగి చల్లబడితే గాలి ఆడే బ్రీదర్ నుంచీ సీళ్ల నుంచీ నీళ్లు లోపలికి గుంజుకుంటుంది. ఆ బ్రీదర్ మట్టితో పూడుకుపోతే లోపలి గాలి ఒత్తిడి ఆయిల్‌ను సీళ్ల నుంచి బయటికి తోస్తుంది. సీలు ఎన్నిసార్లు మార్చినా ఆయిల్ కారుతుంటే ముందు బ్రీదర్ శుభ్రం చెయ్యాలి.

హౌసింగ్ విప్పడం తప్పకపోతే అక్కడా ఓపిక కావాలి. క్రౌన్, పీనియన్ జతగా నూరి తయారైనవి, ఒకటి పోతే రెండూ మార్చాల్సిందే. బిగించాక పళ్లకు రంగు పూసి తిప్పి చూస్తారు. ఒరుసుకున్న గుర్తు పంటి నడుమ పడితే సరే, కొసకో మొదటికో జరిగితే షిమ్ములు మార్చి మళ్లీ బిగించాలి. పళ్ల మధ్య వదలాల్సిన సందు మిల్లీమీటరులో ఐదారో వంతు. ఇక్కడ చేతి అంచనాను నమ్మకుండా డయల్ గేజీ పెట్టేవాడే అసలు పనిమంతుడు. ఆయిల్ విషయంలోనూ అంతే. క్రౌన్‌కు సరిపడే జీఎల్-5 ఆయిల్‌ను జీఎల్-4 కోరే గేర్‌బాక్స్‌లో పోస్తే, అందులోని రసాయనాలు ఇత్తడి రింగులను తినేస్తాయి. డబ్బా మీద ఏముందో, బండి పుస్తకంలో ఏముందో సరిచూసుకున్నాకే పొయ్యాలి.

బండి మీద బతికేవాళ్లకు ఒక్క మనవి. షెడ్డుకు వెళ్లి "వెనక సౌండొస్తోంది" అని ఊరుకోకండి. ఏ గేరులో, ఎంత వేగంలో, లోడు మీదా ఖాళీగానా, తొక్కితేనా వదిలితేనా చెప్పండి. బోల్టు విప్పేముందు ఒక రౌండు నడిపి చూడమని అడగండి. ఆ రౌండు వెయ్యనన్న చోట బండి వదలకండి.